తోటమాలి స్వయం ఉపాధి – వ్యాపార బీమా ఎంపిక

1. పరిచయం

బీమా ఒప్పందానికి ఆధారమైన సూత్రాలను వెనుకటి పాఠంలో చదివారు. నష్టపూర్తి, బీమా ఆసక్తి, అత్యంత విశ్వాసం, సన్నిహిత కారణం – ఈ నాలుగు మాటలకూ నిర్వచనాలు రాయడం పరీక్షలో తేలికే. జేబులో ఉన్న కొద్దిపాటి డబ్బుతో ఏ పాలసీ తీసుకోవాలి, దేన్ని వదులుకోవాలి అని ఒక మనిషి కూర్చుని తేల్చుకోవలసి వచ్చినప్పుడు గానీ వాటి అసలు బరువు తెలియదు. అందుకని ఈ పాఠంలో ఒకే ఒక్క వృత్తిని తీసుకొని, చివరిదాకా దానితోనే నడుద్దాం. ఆ వృత్తి తోటపని. ఊరు ధవళేశ్వరం.

ఈ ఊరినే ఎంచుకోవడానికి కారణం ఉంది. గోదావరి పాయలుగా చీలే చోట, డెల్టా తలభాగంలో ఉంది ధవళేశ్వరం. 1852లో ఆర్థర్ కాటన్ ఆనకట్ట ఇక్కడే పూర్తయింది. ఇక్కడికి దగ్గరలోనే కడియం, కడియపులంక నర్సరీలు ఉన్నాయి. దేశంలోని అనేక నగరాలకు మొక్కలు అక్కడి నుంచి లారీల్లో వెళ్తాయి. మరోవైపు రాజమహేంద్రవరం. ఆ నగరంలోని ఇళ్లకు, అపార్టుమెంట్లకు, ఆసుపత్రులకు, కల్యాణ మండపాలకు పచ్చదనం కావాలి, దాన్ని కాపాడే మనిషి కావాలి. ఈ మూడింటి మధ్య బతుకుతున్న స్వతంత్ర తోటమాలులు చాలామంది ఉన్నారు. వాణిజ్యశాస్త్ర గ్రంథాల్లో కర్మాగారం ఉంటుంది, ఓడ ఉంటుంది, పత్తి గోదాము ఉంటుంది. తోటమాలి మాత్రం కనబడడు.

మన ఉదాహరణలోని తోటమాలిని ఇలా ఊహించుకోండి. వయసు నలభై. పదిహేను ఇళ్లు, రెండు అపార్టుమెంట్లు, ఒక ఆసుపత్రి తోటలను నెలవారీ లెక్కన చూస్తాడు. ఏటిగట్టుకు దగ్గరలో ఇరవై సెంట్ల స్థలం కౌలుకు తీసుకొని అక్కడ కుండీలు, మొక్కల సంచులు పెట్టుకున్నాడు. ఫైనాన్సు మీద కొన్న ట్రక్కు ఆటో ఒకటి ఉంది. గడ్డి కోసే మిషను, కొమ్మలు కోసే రంపం మిషను, మందు కొట్టే స్ప్రేయరు, షేడ్‌నెట్టు, బోరు మోటారు – ఇవీ పనిముట్లు. ఇద్దరు కూలీలు ఏడాది పొడవునా ఉంటారు, పని ఎక్కువైనప్పుడు మరో ముగ్గురు వస్తారు. ఈయన కల్పిత వ్యక్తి. ఆయనకు రాగల ప్రమాదాల్లో ఒక్కటీ కల్పితం కాదు.

2. నష్టాలను తూచడం

ఈ తోటమాలిని ‘మీకు దేనివల్ల నష్టం వస్తుంది?’ అని అడిగితే మొదట చెప్పేది మొక్కలు చచ్చిపోవడం గురించే. ఎండకు వాడిపోయినవి, తెగులు తగిలినవి, రవాణాలో విరిగినవి. ఇవి ప్రతి నెలా జరిగేవి. ప్రతి నెలా జరిగే నష్టం బీమాకు తగినది కాదు, అది ఖర్చు. దాన్ని ధరలో కలుపుకోవాలి. నూటికి ఎనిమిది మొక్కలు పోతాయని అనుభవం చెబుతుంటే మిగిలిన తొంభై రెండు మొక్కల ధరలో ఆ ఎనిమిదింటి ఖరీదూ ఉండాలి.

బీమాకు తగినది ఎప్పుడో గాని జరగనిదీ, జరిగితే మనిషి మళ్లీ లేవలేనిదీ. ఈ కొలతతో చూస్తే వరుస మారిపోతుంది. ఆయన చెట్టు మీదనుంచి పడి మంచాన పడటం. కూలీ చనిపోతే కుటుంబానికి పరిహారం ఇవ్వవలసి రావడం. కోసిన కొమ్మ దారిన పోయేవాడి మీద పడటం. బండి ఎవరినైనా గుద్దడం. గోదావరి పొంగి సరుకంతా పోవడం. మొక్కల సరుకు ఈ వరుసలో చివర ఉన్నదని గమనించండి. సరుకంతా పోయినా పోయేది సరుకు విలువే, దానికొక హద్దు ఉంది. ఇతరులకు ఇవ్వవలసిన పరిహారానికి అలాంటి హద్దు లేదు. నా అభిప్రాయం ఏమిటంటే, చిన్న వ్యాపారికి ఏజెంట్లు సాధారణంగా చెప్పే వరుస దీనికి తలకిందులుగా ఉంటుంది. కంటికి కనిపించే వస్తువుకు బీమా అమ్మడం తేలిక. కనిపించని బాధ్యతకు అమ్మడం కష్టం.

3. ముందు తన ఒళ్లు

స్వయం ఉపాధిలో ఉన్నవాడికి జీతంతో కూడిన సెలవు లేదు. ఆయన చేతులు ఆగితే ఆదాయం ఆగుతుంది. కనుక మొదటి పాలసీ వ్యక్తిగత ప్రమాద బీమా.

అన్నిటికంటే చవకైనది ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. 2015 మే నెలలో మొదలైంది. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్లవారికి ఏడాదికి 20 రూపాయల ప్రీమియం. 2022 జూన్‌కు ముందు అది 12 రూపాయలు. ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. రెండు కళ్లు, రెండు చేతులు లేదా రెండు కాళ్లు పూర్తిగా పోతే కూడా 2 లక్షలు. ఒక కన్నో, ఒక చెయ్యో, ఒక కాలో పోతే లక్ష. రక్షణ జూన్ 1 నుంచి మే 31 వరకు ఉంటుంది. ఖాతాలో ఆ ఇరవై రూపాయలు లేక తీసుకోలేకపోతే రక్షణ ఆగిపోతుంది. మే నెలాఖరున పాసు పుస్తకం ఒకసారి చూసుకోమని చెప్పడం చాదస్తం కాదు.

తోటమాలికి పనికివచ్చే ఒక సంగతి ఈ పథకం వివరణల్లో ఉంది. రోడ్డు ప్రమాదం, నీట మునగడం వంటివాటికి పోలీసు నివేదిక కావాలి. పాము కాటు, చెట్టు మీదనుంచి పడటం వంటివాటికి వెంటనే చేర్చిన ఆసుపత్రి రికార్డు ఆధారంగా ఉండాలి. లంక నేలల్లో, మొక్కల సంచుల మధ్య పనిచేసేవారికి పాము కొత్త కాదు. కాటు వేస్తే నాటు వైద్యం దగ్గరికి తీసుకుపోతే ప్రాణానికే ముప్పు. క్లెయిముకు కావలసిన కాగితం కూడా ఉండదు.

ఈ పథకం చేయనిది కూడా తెలుసుకోవాలి. తుంటి విరిగి నాలుగు నెలలు మంచంలో ఉంటే ఇది ఒక్క రూపాయి ఇవ్వదు. అందుకు సాధారణ బీమా కంపెనీలు అమ్మే వ్యక్తిగత ప్రమాద పాలసీలో ‘తాత్కాలిక పూర్తి అశక్తత’ అనే అంశం ఉండాలి. పని చేయలేని వారాలకు వారానికి ఇంత అని చెల్లిస్తారు. ఇక్కడే అత్యంత విశ్వాస సూత్రం ఎదురవుతుంది. వృత్తి ఏమిటని అడిగిన చోట ‘వ్యాపారం’ అని రాస్తే ప్రీమియం తగ్గుతుంది. కంపెనీలు వృత్తులను ప్రమాద తీవ్రతను బట్టి తరగతులుగా విభజిస్తాయి. గల్లా దగ్గర కూర్చునేవాడూ, రంపం పట్టుకొని చెట్టెక్కేవాడూ ఒక తరగతి కాదు. రాయవలసింది: ‘తోటపని, చెట్లెక్కి కొమ్మలు కోయడం, మిషను వాడటం కూడా ఉంది.’ ప్రీమియం కొంత పెరుగుతుంది. ఆ పెరిగిన రూపాయలే క్లెయిమును నిలబెడతాయి.

కొబ్బరి చెట్లెక్కేవారికి కొబ్బరి అభివృద్ధి బోర్డు ‘కేర సురక్ష’ అనే ప్రమాద బీమా పథకం నడుపుతోంది. ప్రీమియంలో ఎక్కువ భాగం బోర్డే భరిస్తుంది. కోనసీమ పక్కనే ఉన్నా మనవైపు దీని గురించి తెలిసినవారు తక్కువ. దింపు పని కూడా చేసే కూలీ ఉంటే విడిగా అడిగి చేర్పించడం మంచిది.

4. వెంట వచ్చే కూలీలు

‘వాళ్లు నా మనుషులే, ఏమైనా అయితే నేను చూసుకోనా?’ – ఈ మాట మన ప్రాంతంలో ప్రతి చిన్న యజమానీ అంటాడు. మనసు మంచిదే. లెక్క చూద్దాం.

పనిలో ఉండగా, పని కారణంగా కార్మికుడికి జరిగిన ప్రమాదానికి యజమాని పరిహారం ఇవ్వాలన్న నియమం మన దేశంలో 1923 నాటి చట్టంతో వచ్చింది. మొదట దాని పేరు పనివారల పరిహార చట్టం, తరువాత ఉద్యోగుల పరిహార చట్టం. ఇప్పుడు ఆ నియమాలు 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో చేరాయి. యజమాని తప్పు ఉందా లేదా అన్న ప్రశ్న ఇక్కడ ప్రధానం కాదు. ప్రమాదం పనివల్ల జరిగిందా అన్నదే ప్రశ్న. ఏయే పనులకు ఇది వర్తిస్తుందో షెడ్యూలులో ఉంటుంది. యంత్రాలతో చేసే తోటపని, పురుగుమందుల పిచికారీ ఆ జాబితాలోని పనులే.

1923 చట్టం ప్రకారం లెక్క ఇది. కూలీ మరణిస్తే నెల వేతనంలో సగాన్ని, అతని వయసును బట్టి చట్టం ఇచ్చిన గుణకంతో హెచ్చించాలి. శాశ్వతంగా పూర్తి అశక్తుడైతే సగానికి బదులు నూటికి అరవై వంతులు. 30 ఏళ్ల వయసుకు గుణకం 207.98. నెలకు 12,000 రూపాయలు సంపాదించే 30 ఏళ్ల కూలీ పనిలో మరణించాడనుకోండి:

6,000 × 207.98 = 12,47,880 రూపాయలు.

అతడు మరణించకుండా శాశ్వతంగా పూర్తి అశక్తుడైతే:

7,200 × 207.98 = 14,97,456 రూపాయలు.

వయసు తక్కువైనకొద్దీ గుణకం పెరుగుతుంది. 40 ఏళ్లవాడికి 184.17 మాత్రమే. పడుచు కూలీనే కదా చెట్టెక్కిస్తారు! ఆ పన్నెండు లక్షల ముందు మన తోటమాలి మొత్తం వ్యాపారం – బండి, మిషన్లు, మొక్కలు అన్నీ కలిపినా – నిలవకపోవచ్చు. ‘నేను చూసుకోనా’ అన్న మాటలో ఉన్న ఆపేక్షను కాదనడం లేదు. ఆ ఆపేక్షకు వెనక డబ్బు ఉండాలి.

ఈ బాధ్యతను తీసుకునేదే ఉద్యోగుల పరిహార బీమా పాలసీ. ఇందులో ప్రీమియం మనుషుల సంఖ్య మీద కాక, ఏడాదికి చెల్లించే మొత్తం వేతనాల మీద, పని ప్రమాద స్థాయి మీద ఆధారపడుతుంది. తోటమాలి ఏడాది వేతనాలను అంచనా వేసి ప్రకటిస్తాడు, ఏడాది చివర అసలు చెల్లించినదాన్ని బట్టి సర్దుబాటు ఉంటుంది. ప్రీమియం తగ్గించుకోవడానికి ఐదుగురి బదులు ఇద్దరినే చూపించే అలవాటు ఒకటి ఉంది. సీజనులో వచ్చిన మూడో మనిషికి ప్రమాదం జరిగినప్పుడు ఆ అలవాటు ఖరీదు తెలుస్తుంది. అప్పుడప్పుడు వచ్చేవారి వేతనాలను కూడా అంచనాలో కలపాలి. ఒక నోటుబుక్కులో తేదీ, పేరు, ఇచ్చిన కూలి రాసుకోవాలి. ఫోనులో పంపిన డబ్బు దానంతట అదే రికార్డు అవుతుంది.

ఈ చర్చకు ఇంకో వైపు ఉంది. ఒక సంస్థ తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరుకు అప్పగిస్తే, కాంట్రాక్టరు కూలీకి జరిగిన ప్రమాదానికి ఆ సంస్థనే పరిహారం అడగవచ్చు. సంస్థ తిరిగి కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవచ్చు. పెద్ద ఆసుపత్రులు, హోటళ్లు తోట నిర్వహణ ఒప్పందానికి ముందు ఈ పాలసీ నకలు అడగడం ఇందుకే. పాలసీ ఉన్న తోటమాలికి పెద్ద పనులు దొరుకుతాయి. బీమాను ఖర్చుగానే చూసేవారు ఈ లాభాన్ని లెక్కలో వేసుకోరు.

మీ అభ్యసనాన్ని పరీక్షించుకోండి: 40 ఏళ్ల కూలీ నెల వేతనం 10,000 రూపాయలు. పనిలో మరణిస్తే 1923 చట్టం ప్రకారం పరిహారం ఎంత? (జవాబు: 5,000 × 184.17 = 9,20,850 రూపాయలు.)

5. మూడో మనిషి

తోటమాలి, ఆయన ఖాతాదారు – వీరిద్దరూ కాని మూడో మనిషికి జరిగే నష్టం ఇది. అపార్టుమెంటులో బాదం చెట్టు కొమ్మ కోస్తుంటే కింద ఆపిన కారు అద్దం పగిలింది. గడ్డి మిషను కింద పడిన రాయి ఎగిరి పిల్లవాడి కంటికి తగిలింది. మొదటిది కొన్ని వేల రూపాయల సంగతి. రెండోది కోర్టు దాకా వెళ్లే సంగతి.

బ్రిటన్‌లో ఒక్క కూలీని పెట్టుకున్న తోటమాలి కూడా యజమాని బాధ్యత బీమా తీసుకోవలసిందే. 1969 నాటి చట్టం దాన్ని తప్పనిసరి చేసింది, కనీస రక్షణ ఇప్పుడు 50 లక్షల పౌండ్లు. బయటివారికి జరిగే నష్టాలకు బీమా అక్కడ చట్టరీత్యా తప్పనిసరి కాదు గాని, అది లేనివాడిని ఖాతాదారులు తోటలోకి రానివ్వడానికి వెనకాడతారు. మన దేశంలో 1991 నాటి ప్రజా బాధ్యత బీమా చట్టం ఉంది. దాని పేరు చూసి తోటమాలికి వర్తిస్తుందని విద్యార్థులు రాస్తుంటారు. అది భోపాల్ దుర్ఘటన తరువాత, ప్రమాదకర పదార్థాలను నిర్వహించే సంస్థల కోసం వచ్చిన చట్టం. మన తోటమాలికి కావలసింది కంపెనీలు స్వచ్ఛందంగా అమ్మే ప్రజా బాధ్యత పాలసీ.

ఈ పాలసీలో రెండు అంకెలు ఉంటాయి: ఒక్క ప్రమాదానికి చెల్లించే గరిష్ఠ మొత్తం, ఏడాది మొత్తానికి చెల్లించే గరిష్ఠ మొత్తం. రెండూ చూడాలి. ఇంకా, ఇవి సాధారణంగా క్లెయిము వచ్చిన కాలాన్ని బట్టి వర్తించే పాలసీలు. ప్రమాదం గత ఏడాది జరిగి, నోటీసు ఈ ఏడాది వస్తే, ఈ ఏడాది పాలసీ అమలులో ఉండాలి. ప్రమాదం జరిగిన తేదీ పాలసీలో చూపిన వెనుకటి తేదీకి తరువాతిదై ఉండాలి. మధ్యలో ఒక ఏడాది మానేస్తే ఆ వెనుకటి తేదీ ముందుకు జరిగిపోయే ప్రమాదం ఉంది.

మినహాయింపుల్లో తోటమాలిని నేరుగా తాకేది ఒకటుంది. తన అదుపులో, సంరక్షణలో ఉన్న ఇతరుల ఆస్తికి జరిగే నష్టాన్ని ఈ పాలసీలు సాధారణంగా మినహాయిస్తాయి. ఖాతాదారు ఊరెళ్తూ అప్పగించిన బోన్సాయ్ మొక్కలు ఎండిపోతే పాలసీ పలకదు. కలుపు మందు డబ్బా బదులు ఇంకొకటి కలిపి పచ్చికంతా మాడ్చేస్తే అది పనిలో లోపం, ప్రమాదంగా పరిగణించకపోవచ్చు. ఇటువంటి చోట్ల బీమాకన్నా ఒప్పంద పత్రమే మేలు. ఏ మొక్కకు ఎంతవరకు బాధ్యత అన్నది ముందే ఒక కాగితం మీద రాసుకుంటే స్నేహాలు కూడా మిగులుతాయి.

6. బండి

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం మూడో పక్షం బీమా తప్పనిసరి కనుక ఇది ఎంపిక కాదు. ఎంపిక స్వంత నష్టానికి మాత్రమే. బండి ఫైనాన్సులో ఉంటే అదీ ఎలాగూ కట్టిస్తారు. అయితే మనవైపు రోజూ కనిపించే ఒక దృశ్యం గురించి చెప్పాలి. ట్రక్కు ఆటోలో మొక్కలు, ఆ మొక్కల మధ్య కూలీలు, దారిలో ఎక్కిన చుట్టాలు. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికులకు తప్పనిసరి బీమా కింద కంపెనీ బాధ్యత లేదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సరుకు యజమాని లేదా ఆయన ప్రతినిధి సరుకుతో పాటు వెళ్తే వేరు. పనివారి సంగతి కూడా వేరు. కాని ఎంతమందికి ప్రీమియం కట్టారో పాలసీలో చూసుకోవాలి. ‘దారే కదా, ఎక్కు’ అన్న మర్యాద బండి యజమాని నెత్తిమీదికి వస్తుంది.

7. సరుకు, పనిముట్లు, గోదావరి

ధవళేశ్వరంలో ఉన్నవారికి అంకెలు కంఠతా వచ్చు. బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులు చేరి 10 లక్షల క్యూసెక్కులు విడిచిపెడితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులు, 13 లక్షలకు రెండోది, 17.75 అడుగులు, 17 లక్షలకు మూడోది. 1986 ఆగస్టులో ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. ఇక 1996 నవంబరు తుపాను కోనసీమ కొబ్బరిని ఎలా కూల్చిందో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఏటిగట్టు పక్కన షేడ్‌నెట్టు వేసుకున్నవాడికి వరద, తుపాను రెండూ లెక్కలో ఉండవలసినవే.

పంటల బీమా ఉంది కదా అంటారు. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన, ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో నోటిఫై చేసిన పంటలకు వర్తిస్తుంది. కుండీలో ఉన్న క్రోటన్ మొక్క అమ్మకపు సరుకు, ఆ అర్థంలో పంట కాదు. వరద తరువాత ప్రభుత్వం ఇచ్చే సాయం వేరు, బీమా వేరు. సాయం ప్రభుత్వ నిర్ణయాన్ని బట్టి వస్తుంది. బీమా ఒప్పందంతో వచ్చే హక్కు.

చిన్న సంస్థల ఆస్తికి 2021 ఏప్రిల్ 1 నుంచి ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అనే ప్రామాణిక పాలసీ ఉంది. ఒక చోట ఉన్న ఆస్తి మొత్తం విలువ 5 కోట్లు మించని సంస్థలకు ఇది. అగ్ని ప్రమాదం, పిడుగు, తుపాను, వరద, భూకంపం, అల్లర్లు వంటివి ఇందులో ఉన్నాయి. షెడ్డు, మోటారు, మిషన్లు, కుండీలు, ఎరువుల బస్తాలు ఈ పాలసీలోకి రావడం కష్టం కాదు. చిక్కంతా ప్రాణమున్న మొక్కల దగ్గరే. కంపెనీ వాటిని ‘సరుకు’గా అంగీకరిస్తుందా, ప్రత్యేక ఉద్యానవన పాలసీ తీసుకోమంటుందా అన్నది ప్రీమియం కట్టకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. పాలసీ షెడ్యూలులో ‘వ్యాపార సరుకు’ అని మాత్రమే ఉంటే చాలదు. ‘కుండీలు, సంచుల్లోని అలంకరణ మొక్కలు’ అని ఉండాలి. ఏజెంటు నోటిమాట షెడ్యూలు కాదు.

విలువ కట్టడంలో రెండు పొరపాట్లు జరుగుతాయి. మొదటిది, అమ్మకం ధర వేయడం. నష్టపూర్తి సూత్రం ప్రకారం బీమా లాభాన్ని ఇవ్వదు. కొన్న ధర, పెంచడానికి అయిన ఖర్చు – ఇవే లెక్క. రెండోది, ప్రీమియం మిగులుతుందని విలువ తగ్గించి చూపడం. దాని ఫలితం సగటు నిబంధన. సరుకు అసలు విలువ 6 లక్షలు, బీమా చేసింది 4 లక్షలకు, వరదలో పోయింది లక్షన్నర అనుకోండి. నాలుగు లక్షల బీమా ఉంది కదా, లక్షన్నరా వస్తుందనుకుంటాడు. వచ్చేది:

1,50,000 × 4,00,000 / 6,00,000 = 1,00,000 రూపాయలు.

మిగతా యాభై వేలకు తానే బీమాదారు అయ్యాడన్నమాట. సూక్ష్మ ఉద్యమ్ పాలసీలో విలువ తగ్గింపు నూటికి 15 వరకు ఉంటే పట్టించుకోరు. మన ఉదాహరణలో అది నూటికి 33, కనుక ఆ సడలింపు దీన్ని కాపాడదు. సీజనులో సరుకు రెట్టింపవుతుంది కాబట్టి విలువను ఖాళీగా ఉన్న వేసవిని చూసి కాక, నిండుగా ఉన్న నెలను చూసి కట్టాలి.

సన్నిహిత కారణ సూత్రానికి గోదావరి ఇచ్చేంత మంచి ఉదాహరణ ఇంకోటి నాకు దొరకలేదు. వరద నీరు మొక్కలను ముంచి కుళ్లబెట్టింది – కారణం వరదే, సందేహం లేదు. వరద వల్ల కరెంటు పోయింది, ఆరు రోజులు మోటారు నడవలేదు, నీరు తాకని ఎత్తైన మడిలోని మొక్కలు ఎండిపోయాయి – ఇది వరద నష్టమా? వరద నీరు ఆ మొక్కలను తాకలేదు. సర్వేయరు దీన్ని పర్యవసాన నష్టమని తోసిపుచ్చే అవకాశమే ఎక్కువ. వరద తగ్గిన నెలకు వేరుకుళ్లు తెగులు వచ్చి మరికొన్ని చచ్చాయి – ఇక్కడ వాదన ఇంకా బలహీనం. కారణాల గొలుసులో ఎక్కడ తెగుతుందో చూడటమే ఈ సూత్రం.

ఎప్పుడు తీసుకోవాలన్నదానికి జవాబు చట్టంలోనే ఉంది. 1938 నాటి బీమా చట్టం 64వీబీ సెక్షను ప్రకారం ప్రీమియం చేరకముందు రిస్కు మొదలు కాదు. బీమా అనిశ్చితమైన సంఘటనకే. భద్రాచలం దాటిన నీళ్లు దారిలో ఉండగా, రెండో హెచ్చరిక ఎగిరాక పాలసీ అడిగితే అప్పటికి ఆ సంఘటనలో అనిశ్చితి ఎంత మిగిలింది? జూన్‌లోపే ఈ పని ముగించాలి. ఇంకొక్క ప్రశ్న కూడా అప్పుడే అడగాలి: వరద వస్తుందని మొక్కలను వేరే చోటికి తరలిస్తే, ఆ చోట వాటికి ఎంతమేరకు రక్షణ ఉంటుంది? పాలసీ షెడ్యూలులోని చిరునామాకు కట్టుబడి ఉంటుంది. బుద్ధిమంతుడు ఎత్తైన చోటికి మార్చిన సరుకు అక్కడ పాడైపోయి, చిరునామా వేరని క్లెయిము ఆగిపోవడం కన్నా విచారకరమైనది ఉండదు.

8. కాగితాలు, ఫిర్యాదులు

కడియంలో మొక్కల కొనుగోలు చాలావరకు చీటీల మీద నడుస్తుంది. చీటీ తడిసిపోతుంది, సర్వేయరు అడిగేది రుజువు. బిల్లు అడగాలి, ఇవ్వకపోతే డబ్బు ఫోను ద్వారా చెల్లించాలి. నెలకోసారి సరుకును ఫోనుతో ఫొటోలు తీసి, ఇంట్లోవాళ్ల ఫోనుకు కూడా పంపి ఉంచాలి. నష్టం జరగ్గానే కంపెనీకి తెలియజేయాలి. సర్వేయరు వచ్చేదాకా పాడైన మొక్కలను పారేయకూడదు. అయితే బతికే మొక్కలను కాపాడే ప్రయత్నం ఆపకూడదు. బీమా లేనట్టే జాగ్రత్త పడాలన్నది కూడా ఒప్పందంలో భాగం.

క్లెయిము తిరస్కరిస్తే మొదట కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ కేంద్ర కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. దాని ‘బీమా భరోసా’ వ్యవస్థలో ఫిర్యాదు నమోదు చేయవచ్చు, 155255కు ఫోను చేయవచ్చు. కంపెనీ జవాబు సంతృప్తిగా లేకపోయినా, నెల రోజుల్లో జవాబు రాకపోయినా, బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు ఏడాదిలోగా వెళ్లాలి. హైదరాబాదు అంబుడ్స్‌మన్ పరిధిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం ఉన్నాయి. రుసుము లేదు, లాయరు అక్కరలేదు.

వినియోగదారుల కమిషన్ మరో దారి. వ్యాపారం కోసం తీసుకున్న పాలసీకి వినియోగదారు హోదా ఉండదని కంపెనీలు వాదించేవి. 2023లో హర్సోలియా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు, బీమా నష్టాన్ని పూడ్చుకోవడానికే గాని లాభార్జనకు కాదని, అందువల్ల వ్యాపార సంస్థ కూడా ఫిర్యాదు చేయవచ్చని చెప్పింది. 2019 చట్టం వచ్చాక ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే వేయవచ్చు. కంపెనీ ముఖ్య కార్యాలయం చెన్నైలోనో కోల్‌కతాలోనో ఉన్నదని తిరగవలసిన పని లేదు.

డబ్బు అన్నిటికీ చాలకపోతే ఏం చేయాలి? నా సలహా ఇది: ఇరవై రూపాయల పథకం తనకూ, ప్రతి కూలీకీ ఆ రోజే, తరువాత కూలీల పరిహార పాలసీ, ఆపైన వారానికింత ఇచ్చే ప్రమాద పాలసీ, నాలుగోది ప్రజా బాధ్యత, సరుకు చివర. గట్టుకు లోపలివైపు, లంకలో సరుకు పెట్టినవాడు మాత్రం చివరి రెండింటినీ తారుమారు చేసుకోవచ్చు. అక్కడ కంపెనీ ఒప్పుకుంటుందా అన్నది వేరే ప్రశ్న; ఒప్పుకోకపోతే స్థలం మార్చుకోవాలన్న సూచన అందులోనే ఉంది.

అభ్యాసం: మీ ఊళ్లో స్వయం ఉపాధిలో ఉన్న ఒకరిని – తోటమాలి, తాపీమేస్త్రి, కరెంటు పనివాడు, దింపు పనివాడు, ఎవరైనా సరే – కలిసి మాట్లాడండి. ఆయనకు రాగల ఐదు నష్టాలను తీవ్రతను బట్టి వరుసలో రాయండి. ఇప్పుడు ఆయన దగ్గర ఉన్న పాలసీ కాగితాలు అడిగి, ఆ ఐదింటిలో ఏవి వాటిలోకి వస్తాయో, ఏవి రావో కారణాలతో రెండు పుటల్లో వివరించండి. పేరు, చిరునామా రాయవద్దు.